గురువుగారి పేరున ఒక రింగు

ఆ ఇంట్లో బట్టలుతికే రోజు బుధవారం. మేస్త్రిగారి భార్య తడిబట్టల బకెట్టు మేడ మీదికి మోసుకెళ్ళి, ఒక్కొక్కటే తీసి గట్టిగా రెండుసార్లు దులిపి తీగ మీద ఆరేసేది. భర్త చొక్కాలు దులిపితే నీళ్ళు పడేవి. కూతురి ప్యాంట్లు దులిపితే నీళ్ళతో పాటు ముద్దయిపోయిన పార్కింగు చీటీలు పడేవి. తన బట్టలు దులిపితే మాత్రం ఉక్కు రింగులు పడేవి. సన్నగా, నున్నగా, మధ్యలో చిల్లుతో ఉండే ఆ రింగులు గచ్చు మీద టింగుమని పడి, దొర్లుకుంటూ పోయి నీళ్ళ ట్యాంకు కింద దూరేవి. ఆవిడ వంగి వాటిని ఏరి, కిందికి తెచ్చి, పాత బిస్కెట్ల డబ్బాలో వేసేది.

అవి ఆవిడ మింగేసిన మాటలు. మాటలు మింగనివాళ్ళు ఎవరుంటారు? మిగతావాళ్ళకి అవి కడుపులో మంటగానో మోకాళ్ళ నొప్పిగానో తేలతాయి. ఈవిడకి రింగులై బట్టల మడతల్లోంచి రాలేవి, అంతే తేడా. పెళ్ళయిన కొత్తలో ఒకసారి డాక్టరుకి చూపిస్తే, రక్తంలో ఇనుము సరిపడా ఉందని చెప్పి పంపించేశాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

టీలో పంచదార ఎక్కువైందన్న మాట మింగితే ఉల్లిపొరంత రింగు పడేది. ఆడపడుచుతో అనవలసినది మింగితే చొక్కా బొత్తామంత మందం ఉండేది. అవి వృథా పోయేవి కావు. భోజనాల బల్లకి ఒక కాలు పొట్టి కాబట్టి దాని కింద రింగుల దొంతర ఉండేది. ముందు గదిలో కర్టెన్లు వేలాడేది వాటికే. పక్కింటి టైలరు కూడా కుట్టుమిషను గడగడలాడుతోందని రెండు పట్టుకెళ్ళాడు.

వాటితో ఒక్కటే చిక్కు. మింగిన మాట ఎప్పుడైనా, ఎవరితో అనాల్సిందో వాళ్ళకి వినబడేలా అనేస్తే, ఆ మాట తాలూకు రింగులు ఎక్కడున్నవి అక్కడే మాయమైపోతాయి. పది రోజులుంటానని వచ్చిన ఆడపడుచు మూడో నెల కూడా కదలకపోతే, ఒక రోజు ఆవిడ ఉండబట్టలేక "ఎప్పుడు బయల్దేరుతున్నారు వదినగారూ?" అని అడిగేసింది. బీరువా కాలి కింద రింగు మాయమై, బీరువా ముందుకి వాలి, సరిగ్గా ఆడపడుచు పెట్టె మీద పడింది. ఆడపడుచు మర్నాడే వెళ్ళిపోయింది. అలాంటివి ముప్ఫై ఏళ్ళలో మూడే జరిగాయి. కాబట్టి ఆ రింగుల్ని ఇంట్లో అందరూ గట్టి సరుకు కిందే చూసేవారు.

మేస్త్రి బస్సుల డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చేతి పని వెనక ఇరుసు. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం కొంచెం దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. తిప్పే ఇంజను మాత్రం ఒక్కటే. ఆ రెండింటికీ తగువు రాకుండా పంచిపెట్టే డిఫరెన్షియల్ వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుంది. దాని లోపల క్రౌన్ అనే పెద్ద పళ్ళ చక్రం, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్నది ఉంటాయి. ఆ చిన్నది పెద్దదాని మీదికి ఎంత లోతుగా వెళ్ళి కూర్చోవాలన్నదే విద్య అంతా. వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి పరిగెత్తినంతసేపూ పళ్ళు కూస్తూనే ఉంటాయి. ఆ లోతు సర్దడానికి పినియన్ వెనక సన్నటి రింగులు వేస్తారు. ఆ పనిలో ఊళ్ళో ఆయన మాటకి తిరుగు లేదు. డిపోలో ఉన్న రోజుల్లోనూ సెలవుల్లో ఇంటి వెనక షెడ్డులో జనం కార్లు సర్దిపెట్టేవాడు.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది కూతురి కారే. ఆ అమ్మాయి టాక్సీ నడుపుతుంది. కారు పాతది, వెనక ఇరుసులో పళ్ళు అరిగిపోయి ఎక్కినవాళ్ళంతా మొహం చిట్లించేవారు. ఈలోగా ఆసుపత్రివాళ్ళు ఒక బండి కావాలన్నారు. కిడ్నీ రోగుల్ని వారానికి మూడుసార్లు ఇంటి నుంచి తీసుకెళ్ళి, మళ్ళీ దింపాలి. దొరికితే మూడేళ్ళ దాకా కూడలిలో నిలబడి సవారీల కోసం కళ్ళు కాయలు కాచేలా చూడనక్కర్లేదు. అమ్మాయికి ఆ పని మీద మనసు పడింది. సోమవారం తొమ్మిదింటికి ఆసుపత్రి ఆఫీసరు వచ్చి బండి ఎక్కి చూస్తాడు. ఆయన వెనక సీట్లోనే కూర్చుంటాడట. ఒంట్లో బాగాలేనివాళ్ళు కూర్చునే చోటు అది, అక్కడ చెవిలో కూత వినబడితే బండి వద్దని పోయిన నెలలో రెండు కార్లని వెనక్కి పంపించేశాడు.

శనివారం పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు కారు వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టి, నూనె వంచేసి, పాత పళ్ళు విప్పి పక్కన పడేశారు. కొత్త జత డబ్బా విప్పారు. మేస్త్రికి చేతులు వణకవు, చూపూ బాగుంది. అమ్మాయి మాత్రం ప్రతి కొలతా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఈ కాలం పిల్లలు నోట్లో గొణుక్కుంటారని ఆయన చాలా ఏళ్ళుగా విసుక్కుంటున్నాడు.

అమ్మాయి కాయితం మీద లెక్క వేసి, ఇన్ని రింగులు చాలని చెప్పింది. మేస్త్రి ఆ లెక్క చూసి ఒప్పుకున్నాడు. "ఇవి లెక్కకి. ఇంక గురువుగారి పేరున ఒకటి" అన్నాడు.

అది ఆయన పద్ధతి. ఆయనకి పని నేర్పిన గురువు, కొత్త పళ్ళు నడిచిన కొద్దీ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతాయి కాబట్టి ముందే ఒక సన్నటి రింగు ఎక్కువ వెయ్యాలని చెప్పాడు. గురువు పోయి ఇరవై ఏళ్ళయినా రింగు పోలేదు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం. అలాంటివి బజారులో ఎప్పుడో కానీ దొరకవు. అదృష్టం కొద్దీ, భార్య బిస్కెట్ల డబ్బాలో సరిగ్గా ఆ మందానివే కుప్పలుగా ఉండేవి. చిల్లు కూడా రెండు నిమిషాలు ఆకురాయి ఆడిస్తే సరిపోయేది. మొదటి ఒకటి రెండు బళ్ళకి తప్ప, ఆయన ఇంట్లో సర్దిన ప్రతి కారులోనూ, డిపోలో సర్దిన బస్సుల్లోనూ ఆ డబ్బాలోదే ఒక రింగు ఉంది.

భార్య డబ్బా తెచ్చింది కానీ వెంటనే చేతికివ్వలేదు. రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఈ రింగు తాలూకు మాట అమ్మ ఎప్పుడైనా అనేస్తే?" అని అడిగింది కూతురు.

"మీ అమ్మా? గోడకైనా నోరొస్తుంది కానీ" అని నవ్వాడు మేస్త్రి. ఆవిడ కూడా కొంచెం నవ్వి, డబ్బా ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

రింగు వేశారు, బేరింగులు కూర్చోబెట్టారు, బిగించారు. పళ్ళకి పసుపురంగు పేస్టు రాసి చేత్తో తిప్పి చూశారు. పన్నూ పన్నూ రాసుకున్న చోట పేస్టు పోయి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పన్ను నడుమన పడాలి. ఇక్కడ కొంచెం కిందికి, వేరు వైపు పడింది. లోతు ఎక్కువైందేమోనని అమ్మాయికి అనిపించింది. కానీ ముప్ఫై ఏళ్ళ చేతికి ఎలా ఎదురు చెబుతుంది? తనూ ఒక మాట మింగింది. అమ్మాయికి రింగులు రావు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆదివారం పొద్దున కారు స్టాండ్ల మీంచి దిగింది. బండి సర్దాక మొదటి చుట్టు భార్యని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పడం మేస్త్రికి పెళ్ళైన నాటి నుంచీ ఉన్న ముచ్చట. ఆవిడ శాలువా కప్పుకుని ఎక్కింది, ఆయన ముందు కూర్చున్నాడు, అమ్మాయి నడిపింది. ఊరి బయట రోడ్డు ఖాళీగా ఉంది. వేగం అరవై దాటింది, డెబ్భై దాటింది. అమ్మాయి చెవులకి ఇంజను చప్పుడూ, కిటికీ గాలీ తప్ప ఇంకేం తెలియలేదు. మేస్త్రి కళ్ళు మూసుకుని విని, "గుడిలా ఉంది లోపల" అన్నాడు. తర్వాత ఎప్పుడూ అడిగినట్టే వెనక్కి తిరిగి, ఎలా ఉందని భార్యని అడిగాడు.

అద్దంలో అమ్మాయికి తల్లి మొహం కనబడింది. నోరు తెరిచింది. గుటక వేసింది. "బాగుంది" అంది.

ఇంటికొచ్చి కారు దిగి ఆవిడ శాలువా దులిపింది. టింగుమంది.

ఆ రింగు అమ్మాయి కాలి దగ్గరే పడింది. వంగి తీసుకుంది. ఎందుకో అనుమానం వచ్చి షెడ్డులోకి పోయి మైక్రోమీటరులో పెట్టి కొలిచింది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. డబ్బా బోర్లించి కొలుచుకుంటూ పోయింది. సగానికి పైగా అదే మందం. అంటే ఒకే మాట. ప్రతి బండికీ ఆవిడ వెనక సీట్లో కూర్చుని అదే మాట మింగింది. ఆ బండిలో పుట్టిన రింగు ఇంకో బండిలోకి ఎక్కింది. ఏ మాట అయి ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పేస్టు మచ్చ కిందికి పడడం తను కళ్ళారా చూసింది కదా.

తల్లి వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. అమ్మాయి మిగతావి డబ్బాలో పోసుకుని వచ్చి, ఆ రింగు గట్టు మీద పెట్టింది.

"కూస్తోంది కదమ్మా?"

ఆవిడ గిన్నె తుడుస్తూనే ఉంది. తర్వాత పీట లాక్కుని కూర్చుంది. మొదటి బండి సంగతి చెప్పింది. అప్పటికి పెళ్ళై నెల. వాళ్ళ గురువుగారు ముందు సీట్లో కూర్చుని, ఎలా ఉందమ్మా అని స్వయంగా అడిగారు. కొత్త కోడలు పిల్ల, గురుశిష్యులిద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి, కూస్తోందని ఎలా అంటుంది? బాగుందండీ అంది. రెండోసారి చెబుదామంటే, మొదటిసారి ఎందుకు చెప్పలేదంటారని భయం. అలా ముప్ఫై ఏళ్ళయింది. బళ్ళ వాళ్ళు కూడా అడగలేదు. మేస్త్రి బిగించిన బండి కాబట్టి అది ఉండాల్సిన కూతే కాబోలని రేడియో గట్టిగా పెట్టుకుని పోయేవారు.

"వీధిలో పోయే కారు కూత వింటే చాలు, ఇది మన షెడ్డులోంచి వెళ్ళిందని నాకు తెలిసిపోతుంది. మీ నాన్నకి ఆ కూత వినబడదే. ఆ సన్నటి చప్పుడు వినే చెవి ఆయనకి ఎప్పుడో పోయింది, ఆయనకి తెలీదు. బండి కూస్తోందంటే, మీకు చెవుల్లేవని చెప్పినట్టే కదా. ఆ మాట నా నోటితో ఎలా అనను?"

అమ్మాయి అనుకున్నంత చిన్న విషయం కాదిది. చెబితే కారులో ఉన్న రింగు మాయమవుతుంది, చేసిన పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది. చెప్పకపోతే రేపు పొద్దున్న మూడేళ్ళ పని పోతుంది. అయినా అమ్మాయి ఆ రెండూ అనలేదు.

"రేపు ఎలాగూ ఆ ఆఫీసరు చెబుతాడమ్మా. నాన్నకి ఎవరి నోట వింటే నయం?"

ఆవిడ గిన్నె గుడ్డ మడతపెట్టి గట్టు మీద వేసింది. మళ్ళీ తీసి మళ్ళీ మడతపెట్టింది. తర్వాత లేచి షెడ్డులోకి నడిచింది. మేస్త్రి అక్కడ పానాలు తుడిచి సైజులవారీగా గోడకి తగిలిస్తున్నాడు.

"ఏవండీ, బండి కూస్తోంది" అందావిడ.

"ఏంటీ?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ముప్ఫై ఏళ్ళకి నోరు తెరిస్తే అయ్యింది ఇది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఊరికే అన్నారా? ఆవిడ వెనక్కి వెళ్ళిపోబోయి, గుమ్మంలో నిలబడి ఉన్న కూతుర్ని చూసి ఆగింది. ఊపిరి నిండా పీల్చుకుంది.

"కూస్తోందండీ! ముప్ఫై ఏళ్ళ నుంచీ కూస్తోంది!"

పక్కింటి టైలరు కుట్టుమిషను ఆగిపోయింది. ముందు గదిలో కర్టెన్లు జారి నేల మీద పడ్డాయి. భోజనాల బల్ల ఒక పక్కకి ఒరిగి, మీదున్న గ్లాసు దొర్లిన చప్పుడైంది. అమ్మాయి చేతిలో ఉన్న బిస్కెట్ల డబ్బా ఒక్కసారిగా తేలికైపోయింది. కారు కింద, ఇరుసు లోపల ఎక్కడో టక్కుమంది.

ఈసారి మేస్త్రి విన్నాడు. పానా చేతిలోనే ఉంది. భార్య మొహంలోకి చూశాడు. చెవి మీదికి చెయ్యి వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చింది. మనిషి ఒక్కసారిగా పెద్దవాడైపోయినట్టు కనబడ్డాడు. అమ్మాయికి ఏడుపొచ్చింది, తల్లి చేత ఈ మాట ఎందుకు అనిపించానా అనిపించింది.

మేస్త్రి పానా బల్ల మీద పెట్టాడు. పీట జరిపి భార్య ముందు కూర్చున్నాడు.

"ఏ వేగంలో?" అని అడిగాడు.

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు.

"అరవై దాటాక. యాక్సిలరేటరు మీద కాలు ఉన్నంతసేపూ సన్నగా కూస్తుంది. కాలు తీస్తే ఆగిపోతుంది."

"కాలు తీస్తే ఆగిపోతుందా?"

"వెంటనే. మీరు సర్దిన అన్నిటిదీ ఒకటే రాగం."

మేస్త్రి నేల వంక చూస్తూ కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నాడు. "అయితే లోతు ఎక్కువైంది. సరిగ్గా ఒక్క రింగంత ఎక్కువైంది" అన్నాడు. ఆ పైన "గురువుగారు మహానుభావుడు. ఆయనకీ వినబడేది కాదన్నమాట" అన్నాడు. అని పకపకా నవ్వాడు. భార్య ముందు భయంగా చూసి, తర్వాత తనూ నవ్వింది. కళ్ళు తుడుచుకున్నది మాత్రం ఎవరు ముందో అమ్మాయి గమనించలేదు.

మళ్ళీ కారు ఎత్తారు, మళ్ళీ నూనె వంచారు. ఇరుసు తెరిచి చూస్తే గురువుగారి రింగు ఉండాల్సిన చోట ఏమీ లేదు, పినియన్ వెనక్కి జరిగి వేళ్ళతో పట్టి ఊపితే టకటకమంటోంది. తీసి, లెక్క ప్రకారం ఉన్న రింగులతోనే కూర్చోబెట్టి, కొత్తగా బిగించారు. ఈసారి పళ్ళకి పేస్టు రాసింది ఇల్లాలు. తిప్పి చూస్తే మచ్చ పన్ను సరిగ్గా నడుమన, గోరు మీద చంద్రవంకలా పడింది. సాయంత్రం వెలుతురు ఉండగానే ఊరి బయటికి వెళ్ళొచ్చారు. ఎలా ఉందని మేస్త్రి అడిగితే ఆవిడ సీటుకి చెవి ఆనించి వింది. ఇంకోసారి తిప్పమంది. ఇంకో మలుపు దాకా వెళ్ళమంది. ఆ తర్వాత బాగుందంది. దిగి శాలువా దులిపితే దుమ్ము తప్ప ఏమీ పడలేదు.

సోమవారం తొమ్మిదింటికి ఆఫీసరు వచ్చాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాయితం, చెవి మీద పెన్సిలు. వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నలభై వేగంలో కాలు చాపుకున్నాడు. అరవై దగ్గర తల వెనక్కి వాల్చాడు. డెబ్భై దాటేసరికి గుర్రు వినబడింది. అమ్మాయి ఆయన్ని లేపే ధైర్యం చాలక ఊరి చుట్టూ ఇంకో రెండు సార్లు తిప్పింది. లేచాక ఆయన కాయితం మీద ఏం రాశాడో చూపించలేదు కానీ, ఆ శుక్రవారం నుంచే అమ్మాయి ఆసుపత్రి బండి నడపడం మొదలుపెట్టింది.

ఆ వారం ఇంకో సంగతి జరిగింది. ఊళ్ళో కార్లు ఒక్కొక్కటీ మేస్త్రి ఇంటి ముందుకి రావడం మొదలుపెట్టాయి. ఆదివారం నుంచీ కూత ఆగిపోయిందని, కానీ కదిలేటప్పుడు టక్కుమంటోందని వాళ్ళ ఫిర్యాదు. మేస్త్రి ఎవరికీ సాకులు చెప్పలేదు. తప్పు నాది, తీరుస్తానని ఊరికే విప్పి, సర్ది, బిగించి ఇచ్చాడు. ఒక్కటి మాత్రం కొత్తగా పెట్టాడు. బిగించాక భార్యని వెనక కూర్చోబెట్టుకుని తిప్పి, ఆవిడ సరేననేదాకా ఏ బండీ సొంతదారుకి ఇచ్చేవాడు కాదు. ఆవిడ వద్దంటే వద్దు. ఒక కారు మూడుసార్లు వద్దంది, ఆయన మూడుసార్లూ నవ్వుతూ దాని కిందికి దూరాడు. ఏ వేగంలో, ఎటు తిరిగినప్పుడు, రాగమా గరగరా అని ఆయన అడుగుతుంటే ఆవిడ చెప్పేది. నెల తిరిగేసరికి ఆవిడ మాటని బట్టే ఎన్ని రింగులు తియ్యాలో వెయ్యాలో ఆయనకి తెలిసిపోయేది.

తర్వాత డిపో నుంచి మనిషి వచ్చాడు. మూడు బస్సులు టక్కుమంటున్నాయట. రండి పోదాం అని మేస్త్రి చెప్పులేసుకున్నాడు. వచ్చిన మనిషి కొంచెం ఇబ్బందిగా నవ్వి, మేనేజరుగారు అమ్మగారిని తీసుకురమ్మన్నారని చెప్పాడు. బళ్ళు వినిపెట్టడానికి వారానికి రెండు రోజులు ఆవిడ రాగలరేమో అడగమన్నారట. మీరు కూడా రావచ్చండీ అని మేస్త్రి వైపు తిరిగి మర్యాదకి అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు తను పనిచేసిన చోటికి భార్య కోసం కబురొచ్చింది. మేస్త్రి లోపలికి వెళ్ళి, ఆవిడ నడుముకి ఆనుకునే దిండు తెచ్చి చంకలో పెట్టుకున్నాడు.

డిపోలో మొదటి బస్సు సర్దితే కొంచెం కూసింది, మేస్త్రి మళ్ళీ విప్పి సర్దాడు. బస్సులో చిట్టచివరి సీటు, ఇరుసుకి పైన ఉన్నది, ఆవిడ కోసం తుడిచి ఉంచారు. ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు. బస్సు రోడ్డెక్కింది. వేగం నలభై, యాభై. ఆయనకి ఆ సన్నటి కూత వినబడదు, వినే ప్రయత్నం కూడా చెయ్యడం లేదు. పైనున్న అద్దంలో ఖాళీ సీట్ల చివర శాలువా కప్పుకుని కూర్చున్న భార్య నోటి వంకే చూస్తున్నాడు. అరవై దాటింది. ఆవిడ తల కొంచెం పక్కకి వంచింది. నోరు తెరిచింది.

ఈసారి గుటక వెయ్యలేదు. "ఇంకా కూస్తోంది" అంది, బస్సంతా వినబడేలా.